మూడో పార్టీ వేలిముద్ర

ఒక వస్తువు పనిచెయ్యడం వేరు, అది పనిచేస్తుందని ప్రకటించడం వేరు. ఈ రెండింట్లో రెండోదే అసలైనది. మొదటిదాన్ని వస్తువే చూసుకుంటుంది. రెండోదానికి ఆఫీసు, ఆఫీసుకి ఫ్యాను, ఫ్యానుకి నా బోటి వైండింగువాడు కావాలి. ఈ సంగతి నాకు అరవై ఎనిమిదో ఏట తెలిసింది. అప్పటిదాకా వస్తువుల్ని ఊరికే బాగుచేస్తూ బతికేశాను.

నా పేరు భీమరాజు. ద్రాక్షారామానికి సైకిలు దూరంలో మా ఊరు. సర్కారు ఆసుపత్రికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, నా షాపు. కాలిపోయిన మోటార్లు, ఫ్యాన్లు విప్పి కొత్త తీగ చుడతాను. మాట తక్కువ. మా ఆవిడ మాణిక్యాంబ, "నలభై ఏళ్ళ కాపరంలో ఈయన నాతో మాట్లాడినదంతా ఒక పోస్టుకార్డు మీద పడుతుంది, అడ్రసుకి చోటు కూడా మిగులుతుంది" అంటుంది. నిజమే. మా వైపు మనిషి బతకడానికి ఒక్క మాట చాలు. అది "ఆయ్".

ఆయ్ అంటే అవునని ఒక అర్థం. సరేనని ఒక అర్థం. వింటున్నాను, చెప్పండి అని ఇంకో అర్థం. మీరు చెప్పేది నాకు బొత్తిగా అర్థం కాలేదు గాని పెద్దవారు గనక అడ్డురాను అని నాలుగోది. ఏది ఎప్పుడో అవతలివారు మొహం చూసి పోల్చుకోవాలి. గోదావరికి ఇటూ అటూ ఇన్నాళ్ళూ దీనివల్ల ఎవరికీ తేడా రాలేదు. (వచ్చే ఉంటుంది. ఆయ్ అని ఊరుకుని ఉంటారు.)

షాపుకి ప్రతి శనివారం చిట్టియ్య అనే ఆయన స్కూటరు మీద వచ్చేవాడు. సంచీలో రాగితీగ, చిన్న చిన్న ఖాళీ చుట్టలు ఇచ్చి, ముందు వారం చుట్టినవి పట్టుకుపోయేవాడు. అగ్గిపెట్టెకి రెండింతలుండే ట్రాన్స్‌ఫార్మర్లవి. ఎనిమిదేళ్ళు చుట్టాను. మొదటి రోజునే ఆయన, "ఇవి ఎందులోకో మీకు తెలుసాండి రాజుగారూ?" అని అడిగాడు. ఆయ్ అన్నాను. నాకు తెలుసనుకుని ఆయన చెప్పలేదు. ఆయన చెప్పలేదు గనక నాకు తెలియలేదు. నాలుగో ఏట, "చుట్టకి వంద వరసలు తగ్గించండి రాజుగారూ, తీగ కలిసొస్తుంది" అన్నాడు. వరసలు తగ్గితే ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతుందని నాకు తెలుసు. దానికీ ఆయ్ అన్నాను. నాకున్న పట్టింపల్లా ఒక్కటే. చుట్ట చివర తీగ ఊడిపోకుండా, మాణిక్యాంబ కుట్టుపెట్టెలోని ఆకుపచ్చ దారంతో రెండు ముళ్ళు వేస్తాను. ఒక ముడి చాలు. రెండోది నా అలవాటు.

రెండు వేల ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆసుపత్రి నర్సు రూబీ రోడ్డు దాటి నా షాపుకి వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే పిల్ల. ఆ రోజు నవ్వలేదు.

"రాజుగారండీ, మెమో ఇచ్చారండి నాకు" అంది.

ఆయ్ అన్నాను. (మూడో అర్థం.)

"టీకాల ఫ్రిజ్ ఉంది కదండీ. శనివారం సాయంత్రం ఆసుపత్రి ఫ్యూజు ఒక్కటీ పోయిందండి. నా క్వార్టర్సు వేరే లైను. నాకు లైటు వెలుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. సోమవారం తలుపు తీస్తే లోపల ఐసంతా నీళ్ళండి. చుక్కల మందు, సూదిమందు అన్నీ పారబోశాం. ఆ మందు పాడైతే కంటికి కనపడదండి రాజుగారూ. చూడ్డానికి అలాగే ఉంటుంది. పిల్లలకి వేసినట్టే ఉంటుంది, వెయ్యనట్టే. ఇంకోసారి ఇలా జరిగితే ఏజెన్సీకి బదిలీ అన్నారండి. నన్ను బదిలీ చేస్తే చేశారు, బుధవారం బుధవారం ముప్ఫై మంది పిల్లలొస్తారు, వాళ్ళకేం వెయ్యనండి?"

రెండు రోజుల్లో గంట చేశాను. చెక్కపెట్టె, లోపల ఒక రిలే. రిలే అంటే కరెంటు ఉన్నంతసేపూ చెయ్యి పట్టుకుని, పోగానే వదిలేసే మనిషి లాంటిది. అది వదలగానే రెండు టార్చి సెల్లులు గంటని మోగిస్తాయి. ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగదు. రిలేకి కావలసింది తొమ్మిది వోల్టులు. ఆసుపత్రి గోడలో ఉన్నవి రెండొందల ముప్ఫై. మధ్యలో ఒక ఎలిమినేటరు ఉండాలి. ప్లగ్గులో గుచ్చే నల్ల డబ్బా, రేడియోలకీ టేపురికార్డర్లకీ సెల్లులు అక్కర్లేకుండా చేసేది. లోపలుండే ట్రాన్స్‌ఫార్మరు నేనే చుట్టుకోగలను. కాని సర్కారు గోడకి షాపు సరుకైతే మర్యాదగా ఉంటుందని రాజమండ్రి వెళ్ళి కొనుక్కొచ్చాను. జిగురేసి మూసిన డబ్బా. పైన మెరిసే కాగితం మీద జపాన్ అని ఉంది.

గంటని ఆసుపత్రి వరండాలో బిగించాను. మోగితే క్వార్టర్సుకీ వినపడుతుంది, రోడ్డు దాటి నా షాపుకీ వినపడుతుంది. ఎలిమినేటరు మాత్రం గంటసేపట్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది.

"దీన్ని చుట్టినవాడెవడో గాని, ఆ చేతికి వాత పెట్టాలమ్మా" అన్నాను రూబీతో. ఆ నెలలో నేను ఆడిన మాటల్లో అదే పొడుగుది.

మొదటి వారంలో గంట మూడుసార్లు మోగింది. మూడుసార్లూ ఫ్యూజు పోయింది. రెండుసార్లు రూబీ పరిగెత్తింది, ఒకసారి నేను వెళ్ళి వేశాను. ఐసు కరగలేదు. రూబీకి నవ్వు తిరిగొచ్చింది. వ్యవహారం ఇంత సాఫీగా నడుస్తుంటే ఎక్కడో ఏదో నియమం బాధపడుతూ ఉంటుందని మేము తెలుసుకోలేదు.

రెండో వారం, ప్రభుత్వ ప్రాంగణాలలోని ప్రైవేటు ఉపకరణాల అనుగుణ్యతా విభాగం నుంచి సహాయ నిర్ధారణాధికారి పార్థసారథిగారు తనిఖీకి వచ్చారు. (ఆ విభాగం ఉందని ఆసుపత్రికి తెలియదు. ఆసుపత్రి ఉందని ఆ విభాగానికి ఆ వారమే తెలిసింది.) ఆయనది మా వైపు కాదు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి మరీ గంటని చూశారు.

"ఇది ఎవరు సరఫరా చేశారమ్మా?"

"మా రాజుగారండి. ఊరికే ఇచ్చారండి" అంది రూబీ, గొప్పగా.

"ఊరికేనా? మరీ ప్రమాదం. ఊరికే ఇస్తే రసీదు ఉండదు. రసీదు లేకపోతే రిజిస్టరులో వస్తువు లేదు. లేని వస్తువు మోగుతోందంటే నేనేమని రాసుకోవాలి? అనుగుణ్యతా ప్రకటన ఉందా?"

"అంటే ఏంటండి?"

"ఈ వస్తువు నియమాలకు అనుగుణంగా ఉందని చేసినవాడు పూర్తి బాధ్యత మీద చేసే ప్రకటన. డిక్లరేషన్. అది వచ్చేదాకా ఇది మోగరాదు."

విప్పి తీసేస్తే ప్రభుత్వ గోడకి మార్పు చేసినట్టవుతుందని విప్పలేదు. గంట నాలుక్కి పురికొస కట్టి, ముడి మీద లక్క కరిగించి, ముద్ర వేశారు. ఆ రోజునుంచి మా ఊళ్ళో నోరు విప్పనివాళ్ళం ఇద్దరమయ్యాం.

జిల్లా ఆఫీసుకి వెళ్ళాను. ఫణిశ్రీగారని క్లర్కు, మా వైపు అమ్మాయే. ఫారం ఇచ్చింది. పద్నాలుగు గళ్ళు. నేను మూడో తరగతి దాటలేదు గనక ఆ అమ్మాయే చదివి పెట్టింది. ఆరు గళ్ళు తొందరగానే నిండాయి. ఏడో గడి దగ్గర ఆగింది.

"వస్తువుతో ఇచ్చే విద్యుత్ అడాప్టరు మూడో పార్టీ తయారీ అయినచో వివరములు... మీ అడాప్టరు, అదేనండి ఎలిమినేటరు, మూడో పార్టీదాండి?"

థర్డ్ పార్టీ అన్న మాట నేను లారీల ఇన్సూరెన్సులో విన్నాను. లారీ కింద పడ్డవాణ్ణి థర్డ్ పార్టీ అంటారు.

"ఎవరూ పడలేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వాపుకుంది. "అది కాదండి తాతగారూ. వస్తువు చేసిన మీరు ఒకటో పార్టీ. అడాప్టరు వేరేవాళ్ళు చేస్తే వాళ్ళు మూడో పార్టీ."

"మరి రెండో పార్టీ?"

"వాడుకునేవాళ్ళండి." ఫారం ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. "వాళ్ళకి గడి లేదండి."

పార్థసారథిగారి ముందు కూర్చోబెట్టారు. ఆయన కాగితం మీద కలం పెట్టుకుని అడిగారు.

"భీమరాజుగారూ, మీ ప్రకటన పరిధిలోకి అడాప్టరు కూడా వస్తుందా?"

"ఆయ్."

"వస్తుందనా, రాదనా?"

"ఆయ్."

ఆయన ఫణిశ్రీగారి వైపు చూశారు. "ఏమంటున్నారమ్మా ఈయన?"

"మా వైపు అంటే అవునండి. అంటే... విన్నానని కూడా అండి."

"రెంటిలో ఏది?"

"మొహం చూసి తెలుసుకోవాలండి."

ఆయన నా మొహం చాలాసేపు చూశారు. నా మొహంలో అంత సమాచారం ఉండదు. ఫైలు పైకి పంపారు. సూటి ప్రశ్న: తయారీదారు ఆయ్ అని పలికినచో దానిని బాధ్యత స్వీకరించినట్టుగా భావించవచ్చునా? పదిహేడు రోజులకి సర్క్యులర్ వచ్చింది. ప్రకటనల విషయమున ఆయ్ అనునది ప్రశ్న వినబడినదనుటకు మాత్రమే నిదర్శనము. ఫిర్యాదులు, విచారణల విషయమున అదే పదమును అంగీకారముగా పరిగణించవలెను. ఫణిశ్రీగారు నాకో కాపీ ఇచ్చింది. (రెండో వాక్యంతో నాకు పని లేదనుకుని మొదటి వాక్యం దగ్గరే ఆపేశాను. కూడబలుక్కుని చదివేవాడికి అక్షరాల పొదుపు ఎక్కువ.)

పార్థసారథిగారు నాకు మూడు దారులు చూపించారు. ఒకటి, అడాప్టరు నేనే చేశానని రాసివ్వడం. అది అబద్ధం, నేను అబద్ధం ఆడను. (మాట్లాడితేగా.) రెండు, చేసిన మూడో పార్టీ దగ్గర ప్రకటన తేవడం. మూడు, అడాప్టరు లేకుండా గంట ఒక్కటే ఇవ్వడం.

"అడాప్టరు లేకపోతే అది పనిచెయ్యదండి" అన్నాను.

"పనిచెయ్యని వస్తువు మీద మా విభాగానికి ఎప్పుడూ అభ్యంతరం లేదండి" అన్నారు ఆయన, చాలా దయగా.

రెండో దారి పట్టాను. ఊళ్ళో రూబీ, గంటకి బదులు తనే తిరుగుతోంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫ్రిజ్ తలుపు తీసి చూడ్డం, ఆదివారం ప్రార్థన సగంలో లేచి వచ్చి చూసి వెళ్ళడం. నేను బస్సు దిగినప్పుడల్లా వరండాలోంచి కేక.

"రాజుగారండీ, గంట నోరెప్పుడు విప్పుతారంటండి?"

"మూడో పార్టీ దొరకాలమ్మా."

"ఎవడోగాని ఆయన, తొందరగా దొరికితే బాగుణ్ణండి. ఎంత హాయిగా ఉన్నాడో చూడండి!"

రాజమండ్రిలో ఎలిమినేటరు కొన్న షాపుకి వెళ్ళాను. డబ్బా కౌంటరు మీద పెట్టాను.

"ఇది చేసిందెవరండి?"

"చదవలేదాండి? జపానండి" అన్నాడు షాపాయన.

"జపాన్‌లో ఎక్కడండి?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తణుకులో అండి."

గోదావరి దాటి తణుకు వెళ్ళాను. జపాన్ ఒక మేడమీద గదిలో ఉంది. అందులో మణిశంకర్ అనే నలభై ఏళ్ళాయన, ముగ్గురు ఆడపిల్లలు, ఒక జిగురు డబ్బా. నా సంగతి విని ఆయన చేతులు జోడించాడు.

"నాకు ప్రకటన ఇవ్వడానికి అభ్యంతరం ఏంటండి, గాని నేను చేసేదేమీ లేదండి. పైడబ్బా ఎక్కడినుంచో వస్తుంది, లోపలి డయోడ్లు ఇంకెక్కడినుంచో వస్తాయి. నేను మూత పెట్టి జిగురేస్తానంతే. అసలు పనంతా ట్రాన్స్‌ఫార్మరు చుట్టేవాడిదండి. వేడెక్కినా, మానినా పాపపుణ్యాలు ఆయనవే. మూడో పార్టీ అంటే ఆయనేనండి."

"ఆయనెక్కడుంటారండి?"

"ఏటి అవతల ఎక్కడో పల్లెటూరండి. ఎవరో రాజుగారంట. నేనెప్పుడూ చూళ్ళేదు, మా చిట్టియ్య తెస్తాడు సరుకు. నోరు విప్పడంటండి ఆ మహానుభావుడు. వరసలు తగ్గించండి, వేడెక్కినా పర్లేదు అంటే మారు మాట్లాడకుండా ఒప్పేసుకున్నాడంట. అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడండి ఈ రోజుల్లో?"

అక్కడున్న ఇంకో డబ్బా స్క్రూడ్రైవరు పెట్టి పగలగొట్టి చూపించాడు. తీగ చుట్ట చివర ఆకుపచ్చ దారం. రెండు ముళ్ళు.

"ఈ రెండో ముడి ఎందుకో ఆ దేవుడికే తెలియాలండి" అన్నాడు.

ఆయ్ అన్నాను. ఇంటికొచ్చాక మాణిక్యాంబ ఒక్కత్తెకే చెప్పాను.  ఆవిడ, వాత పెట్టడానికి అట్లకాడ తేనా అని అడిగింది.

చెయ్యవలసిన పని ఒకటి మిగిలింది. ఆ మధ్యాహ్నమే కూర్చుని, తగ్గించిన వంద వరసలూ కలిపి కొత్తగా ఒక ట్రాన్స్‌ఫార్మరు చుట్టి, వేరే డబ్బాలో పెట్టాను. రాత్రంతా నడిపినా మంచినీళ్ళ కుండలా చల్లగా ఉంది. పట్టుకెళ్ళి పార్థసారథిగారి బల్ల మీద పెట్టాను. ఆయన ముట్టుకుని చూసి మెచ్చుకున్నారు.

"చాలా బాగుందండి. కాని ఫైల్లో ఉన్నది వేడెక్కేది. దీనికి వేరే ఫైలు తెరిస్తే మళ్ళీ మొదటి గడి నుంచి రావాలి. నర్సమ్మగారికి తొందరగా కావాలన్నారు కదా?"

తొందరగానే కావాలి. వేడెక్కేదానితోనే ముందుకి వెళ్ళాం. చల్లటిది తెచ్చి షాపులో అరమీద పెట్టుకున్నాను.

ఇక మూడో పార్టీ నేనేనని చెప్పాను. ఆఫీసు కంగారుపడలేదు. ఆఫీసుకి కంగారు ఉండదు, విధానం ఉంటుంది.

"ఒకటో పార్టీకీ మూడో పార్టీకీ బంధుత్వం ఉందాండి?" అని చదివింది ఫణిశ్రీగారు.

"చిన్నప్పటినుంచీ ఎరుగుదునమ్మా."

"అంటే బంధుత్వం కాదు, పరిచయం అని రాస్తానండి."

విధానం ప్రకారం, ఒకటో పార్టీ మూడో పార్టీకి రిజిస్టరు పోస్టులో నోటీసు ఇవ్వాలి. ఇచ్చాను. పోస్టుమాన్ బంగార్రాజు మూడో రోజున తెచ్చి, కవరు మీద పంపినవారి పేరు, అందుకునేవారి పేరు పైకి చదివి, నన్ను చూశాడు.

"ఇంట్లో మనిషే కదండి రాజుగారూ, పిలిచి చెప్పేస్తే సరిపోదాండి?" అన్నాడు.

తరవాత ఒకటో పార్టీ మూడో పార్టీ షాపుకి వెళ్ళి తనిఖీ చెయ్యాలి. షాపు తాళం వేసి, బయటికొచ్చి, మళ్ళీ తాళం తీసి లోపలికెళ్ళాను. తనిఖీదారుకి కుర్చీ వెయ్యాలని నియమం. ఉన్నది ఒకటే కుర్చీ. తనిఖీదారు కూర్చున్నాడు, మూడో పార్టీ నిలబడ్డాడు. మర్యాద ఎరిగినవాడే. అచ్చుకాగితంలోని పది ప్రశ్నలూ అడగాలి, జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. ఎనిమిదో ప్రశ్న: అడాప్టరు వేడెక్కునని తెలిసియు తయారుచేసితిరా?

 ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు ఆ మాట. మూడో పార్టీ ఈసారి తప్పించుకోలేదు. ఉన్న నిజం చెప్పాడు.

"ఆయ్."

అదే రాశాను. ఆఫీసులో సర్క్యులర్ తీసి చూశారు. ప్రకటనల విషయమున ఆయ్ అనగా ప్రశ్న వినబడినది. వినికిడి సంతృప్తికరం అని పచ్చసిరాతో టిక్కు పెట్టారు. జీవితంలో ఒకసారి నేరం ఒప్పుకుంటే చెవులు బాగున్నాయని సర్టిఫికెట్ ఇచ్చారు.

చివరికి సంతకాల దగ్గర ఇబ్బంది వచ్చింది. రెండు పార్టీల సంతకాలూ ఒకేలా ఉన్నాయని, ఒకరిది ఇంకొకరు పెట్టి ఉంటారని పార్థసారథిగారికి అనుమానం. నియమం కదా. ఫణిశ్రీగారే ఉపాయం చెప్పింది. ఒకటో పార్టీ సంతకం, మూడో పార్టీ వేలిముద్ర. ఒకటో పార్టీ చదువుకున్నవాడయ్యాడు, మూడో తరగతి వరకూ. మూడో పార్టీ ఎడంచేతి బొటనవేలు సిరాలో ముంచాడు. అతని మీద నాకు అప్పటికే సదభిప్రాయం లేదు. వేలు తుడుచుకోవడానికి నా కండువాయే వాడాడు.

ఫైలు ఆమోదానికి వెళ్ళింది. ఇంక వారం అన్నారు.

ఆ వారంలోనే శనివారం సాయంత్రం, పక్క ఊరి చేలగట్టున ఉండే కూలీల ఇంట్లో కాన్పు కష్టమైందని కబురొచ్చింది. రూబీ సంచీ తీసుకుని వాళ్ళ సైకిలు వెనక ఎక్కి వెళ్ళడం నా షాపులోంచి చూశాను. "ఫ్రిజ్ ఇప్పుడే చూశానండి రాజుగారూ, బాగానే ఉంది!" అని అరిచింది పోతూపోతూ. బిడ్డ అడ్డం తిరిగింది. తల్లినీ బిడ్డనీ దక్కించి ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చింది. ఈ లోపల ఎప్పుడో ఫ్యూజు పోయింది. మా షాపు లైను వేరు, లైటు వెలుగుతూనే ఉంది. నేను వరండా వైపు చూస్తూనే ఉన్నాను. గంట లక్క ముద్రతో, నిబంధనల ప్రకారం, నోరు మూసుకునే ఉంది. ఐసంతా నీళ్ళు.

విచారణ వేశారు. ఆ విభాగంలో మనుషులు తక్కువ గనక విచారణాధికారి కూడా పార్థసారథిగారే. గంటకి సంబంధించినవారని సాక్షులుగా ఒకటో పార్టీని, మూడో పార్టీని పిలిచారు. రెండు సమన్లు వచ్చాయి. ఒక్క బస్సు టిక్కెట్టుతో వెళ్ళాను.

బయలుదేరేముందు మాణిక్యాంబ నాచేత మూడు ముక్కలు అప్పజెప్పించుకుంది. ఆ అమ్మాయి కాన్పుకి వెళ్ళిందండి. గంట నోరు మీరే కట్టారండి. మోగుంటే నేనే వెళ్ళి ఫ్యూజు వేసేవాణ్ణండి. "అంతే. మూడే. నోట్లో నానబెట్టకండి" అంది. బస్సులో పదిసార్లు అనుకున్నాను. బాగానే వచ్చాయి.

"భీమరాజుగారూ, టీకాల ఫ్రిజ్ చూసుకోవలసిన బాధ్యత నర్సుది. ఆమె అజాగ్రత్త వల్లే మందు పాడైందంటారా?" అని అడిగారు పార్థసారథిగారు.

పెద్దవారు ఒక మాట అడిగినప్పుడు, జవాబు ఎత్తుకునేముందు, విన్నానండీ అని తెలియజెయ్యడం మా వైపు మర్యాద.

"ఆయ్" అన్నాను. ఊపిరి తీసుకున్నాను, మొదటి ముక్క ఎత్తుకుందామని. ఊపిరి లోపలికి వెళ్ళేసరికి పార్థసారథిగారు "అవునన్నారు, రాయమ్మా" అన్నారు.

ఫణిశ్రీగారి వేళ్ళు టైపు మిషను మీద ఆగాయి. "సార్, ఆయన ఇంకా చెప్పబోతున్నారండి. మా వైపు ఆయ్ అంటే..."

"సర్క్యులర్ ఉంది కదమ్మా. విచారణల విషయమున అంగీకారం. మీరు రెండర్థాలున్నాయంటేనే తెప్పించాను."

అప్పటికైనా చెప్పొచ్చు. మూడు ముక్కలూ నాలుక మీదే ఉన్నాయి. ఆయన రెండో ఫైలు నా ముందుకి జరిపారు. "ఇది మీ గంటది. ఆమోదం వచ్చేసింది. ఈ విచారణ ఇవాళ ముగిస్తే ఇవాళే ఇచ్చేస్తాను. సాగితే మాత్రం రెండూ ఆగుతాయి" అన్నారు. ముందు గంట నోరు విప్పితే చాలు, మిగతాది తరవాత చూసుకోవచ్చు అనుకున్నాను. విచారణ కాగితం మీద ఒకటో పార్టీ సంతకం పెట్టాడు. మూడో పార్టీ వేలిముద్ర వేశాడు.

నివేదికలో ఇలా ఉంది: ఇద్దరు స్వతంత్ర సాక్షులు, ఒకరు విద్యావంతులు, ఒకరు నిరక్షరాస్యులు, ఏకకంఠముతో నర్సు అజాగ్రత్తను ధ్రువీకరించిరి.

అనుగుణ్యతా ధ్రువపత్రం, రూబీ బదిలీ ఉత్తర్వు ఒకే రోజున వచ్చాయి. బంగార్రాజు ముందు ఆసుపత్రిలో ఇచ్చి, తరవాత రోడ్డు దాటాడు. గంట లక్క పగలగొట్టారు. ఇప్పుడు చక్కగా మోగుతోంది. ఎలిమినేటరు ధ్రువపత్రంలో రాసినట్టే వేడెక్కుతోంది. కొత్తగా వచ్చిన నర్సుగారు రామచంద్రపురం నుంచి రోజూ బస్సు మీద వచ్చి నాలుగింటికి వెళ్ళిపోతుంది. ఆ తరవాత గంట మోగితే నేను వెళ్తాను. ఈవిడ రూబీలా ఆసుపత్రి తాళం గుమ్మం మీద పెట్టి వెళ్ళదు గనక వరండాలో నిలబడి వింటాను.

రూబీ వెళ్ళిన రోజున బస్సుస్టాండుకి వెళ్ళాను. ఒక ట్రంకుపెట్టె, ఒక ప్లాస్టిక్కు బకెట్టు. బకెట్టులో చల్లటి ఎలిమినేటరు పెట్టాను, ఉంటుందని.

"రంపచోడవరం అవతలంటండి. అక్కడ కరెంటే సరిగ్గా ఉండదంట, ఇది గుచ్చడానికి కూడా" అంది. నవ్వబోయింది. తరవాత బకెట్టు పట్టుకుని బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుంది.

"రాజుగారండీ, ఒక్క మాట అడుగుతాను. ఏమీ అనుకోకండి. కాగితంలో ఇద్దరు సాక్షులు నా తప్పేనన్నారని ఉందండి. ఆ మూడో పార్టీ ఎవడో నేనెరగను. వేలిముద్రగాడు, ఎవరో చెప్పమంటే చెప్పుంటాడు, ఆయన మీద నాకేం లేదండి. మీరు మాత్రం... మీరలా అనలేదు కదండీ?"

చెప్పవలసింది చాలా ఉంది. మూడు ముక్కలు ఉన్నాయి. వాటికి ముందు చెప్పవలసిన నాలుగోది ఒకటి ఉంది. కండక్టరు విజిలు వేశాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి నా మొహం చూస్తోంది, పోల్చుకుందామని.

"ఆయ్" అన్నాను.